మ్యూజియాల్లో వాద్య సేకరణల పెరుగుదల: నూజివీడు వీణ నేపథ్యంలో ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

మ్యూజియాల్లో వాద్య సేకరణలు ఎలా పెరిగాయన్న ప్రశ్నకు ఎన్ని వాద్యాలు వచ్చాయి, ఎవరిచ్చారు, ఏ సంవత్సరంలో ఇచ్చారు అన్న లెక్కలే సాధారణంగా సమాధానంగా లభిస్తాయి. వాద్యంతోపాటు దాని ఊరు, దాన్ని చేసిన చెయ్యి, దాని శ్రుతిని నిలిపిన చెవి ఆ సేకరణలోకి వచ్చాయా అన్న ప్రశ్న తక్కువగా వినిపిస్తుంది. బ్రస్సెల్స్, న్యూయార్క్, మద్రాసు మ్యూజియాల సేకరణలనూ, తెలుగునాట జానపద, గిరిజన వాద్యాల కోసం జరిగిన సేకరణనూ నూజివీడు వీణ తయారీ అనే కొలమానంతో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం. వస్తువుల సంఖ్య పెరిగినంత మాత్రాన సేకరణ పెరిగినట్లు కాదని, తయారీ జ్ఞానం నమోదైనప్పుడే అది నిజమైన పెరుగుదల అవుతుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: నూజివీడు వీణ, వాద్య సేకరణ, మ్యూజియం, మేళం కట్టడం, వాద్య వర్గీకరణ, మద్రాసు ప్రభుత్వ మ్యూజియం, కిన్నెర.

1. ఉపోద్ఘాతం

వేసవిలో నూజివీడు నుంచి బయలుదేరిన మామిడిపండు ఎంత దూరం వెళ్ళినా తన ఊరిపేరు పోగొట్టుకోదు. చిన్నరసం, పెద్దరసం అని రకం చెప్పి ఊరుకోరు. ‘నూజివీడు రసాలు’ అనే అమ్ముతారు, అనే కొంటారు. నేల, నీరు, తోటమాలి అనుభవం రుచిలో భాగమని కొనేవాడికీ తెలుసు. చిరకాలం కృష్ణా జిల్లాలో ఉండి, 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో ఏలూరు జిల్లాలో చేరిన ఈ పట్టణానికి మామిడితోపాటు మరొక ప్రసిద్ధి ఉంది. అది వీణల తయారీ. పనసకొయ్యను తొలిచి వీణగా మలిచే చేతివృత్తి అక్కడ తరతరాలుగా సాగుతోంది. ఉత్తరాంధ్రలో బొబ్బిలి, తమిళనాట తంజావూరు ఈ పనికి పేరు పొందినట్లే కృష్ణాతీరంలో నూజివీడు పేరు పొందింది.

అయితే అదే ఊరి వీణ ఒక మ్యూజియం అద్దాల అరలోకి చేరినప్పుడు దాని పక్కన ఏ మాటలు ఉంటాయి? ‘సరస్వతీ వీణ, పనసకొయ్య, దక్షిణ భారతదేశం’ అన్న మూడు మాటలతో వాద్య వివరణ పూర్తయినట్లు భావించే పద్ధతి ఒకటి ప్రపంచ మ్యూజియాల్లో స్థిరపడింది. మామిడిపండుకు దక్కిన ఊరిపేరు వీణకు దక్కకపోవడం ఒక పలక మీద జరిగిన చిన్న లోపం కాదు. సేకరణలు పెరిగిన తీరులోనే దాని మూలం ఉంది. ఆ తీరును గుర్తించడానికి ముందుగా వీణలో మ్యూజియం పట్టుకోగలిగినదేదో, జారవిడిచేదేదో నిర్ణయించుకోవాలి.

2. వస్తువు, జ్ఞానం

వీణ నిర్మాణంలో కుండ, దండి, యాళి తల ప్రధాన భాగాలు. ఈ మూడింటినీ ఒకే దుంగలో తొలిస్తే అది ఏకాండి వీణ. విడివిడిగా చేసి కలిపితే అతుకు వీణ. దండి కింద సొరబుర్ర ఉంటుంది. ఇటీవలి కాలంలో దాని స్థానంలో కాగితపు గుజ్జుతోనో, ఫైబర్‌తోనో, లోహంతోనో చేసిన బుర్రలు కూడా వాడుతున్నారు. వాయించే తంత్రులు నాలుగు: సారణి, పంచమం, మంద్రం, అనుమంద్రం. పక్కన తాళం కోసం మూడు తంత్రులు. బిరడాలు, గుర్రం, నాగపాశం, లంగర్లు తంత్రులను బిగించి నిలుపుతాయి. దండి మీద 24 మెట్లు ఉంటాయి. ఇవన్నీ కంటికి కనిపించేవి, కొలవదగినవి, పట్టికలోకి ఎక్కించదగినవి.

కనిపించనిది మెట్లను నిలిపే పద్ధతి. మెట్లను నేరుగా కొయ్యకు బిగించరు. మైనంలో నల్లని పొడి కలిపి చేసిన ముద్దను దండికి రెండువైపులా గట్టులా పోసి, అది మెత్తగా ఉండగా ఒక్కొక్క మెట్టును దాని స్వరస్థానంలో అమరుస్తారు. దీన్నే మేళం కట్టడం అంటారు. ఈ పనిలో చెవే ప్రమాణం. తంత్రిని మీటి, మెట్టును వెంట్రుకవాసి జరిపి, మళ్ళీ మీటి, స్వరం కుదిరాక వదలాలి. వేడికి మైనం మెత్తబడుతుంది. వాడుకలో మెట్లు కదులుతాయి. అందువల్ల కొంతకాలానికి మేళం మళ్ళీ కట్టవలసిందే. అంటే వీణ ఒకసారి చేసి వదిలేసే వస్తువు కాదు. చేసినవాడికీ వాయించేవాడికీ మధ్య తెగని సంబంధాన్ని కోరే వాద్యం అది.

మ్యూజియంలో తెగిపోయేది ఈ సంబంధమే. అరలో ఉన్న వీణకు తంత్రులు వదులు చేస్తారు. మైనం ఎండుతుంది, పగులుతుంది. మెట్లు స్థానం తప్పుతాయి. కొయ్య, నగిషీ, దంతపు పని చెక్కుచెదరకుండా ఉన్నా స్వరవ్యవస్థ మాత్రం పోతుంది. సంరక్షణ దృష్టితో అది భద్రంగా ఉన్న వస్తువు, సంగీత దృష్టితో మూగబోయిన వస్తువు. కాబట్టి వాద్య సేకరణను అంచనా వేసేటప్పుడు రెండు ప్రశ్నలను వేరుచేయాలి. ఎంత చేరింది అన్నది ఒకటి, చేరినదానితో ఏమి తెలిసింది అన్నది మరొకటి.

3. కానుకలతో పెరిగిన సేకరణలు

ఈ రెండు ప్రశ్నల మధ్య దూరం స్పష్టంగా కనిపించే తొలి ఉదాహరణ బ్రస్సెల్స్. బెల్జియం ప్రభుత్వం 1872లో సంగీత శాస్త్రవేత్త ఫెటిస్ సేకరణను కొన్నది. 1876లో కలకత్తాకు చెందిన సౌరీంద్రమోహన ఠాగూర్ రెండవ లియోపోల్డ్ రాజుకు సుమారు నూరు భారతీయ వాద్యాలను కానుకగా పంపాడు. ఈ రెండింటి పునాది మీద 1877లో అక్కడి సంగీత కళాశాలకు అనుబంధంగా వాద్యాల మ్యూజియం ఏర్పడింది. దాని తొలి సంరక్షకుడు విక్టర్ మహిల్యోఁ కృషివల్ల 1924 నాటికి, అంటే ఆయన మరణించిన సంవత్సరానికి, సేకరణ మూడువేలు దాటింది.

ఈ చరిత్రలో భారతదేశం పాత్ర వస్తువులు పంపడంతో ముగియలేదు. పోగైన వాద్యాలను ఏ క్రమంలో అమర్చాలన్న సమస్య మహిల్యోఁకు ఎదురైంది. యూరపులో వాడుకలో ఉన్న తంత్రి, గాలి, తాడనం అన్న విభజన ఇన్ని దేశాల వాద్యాలకు సరిపోలేదు. 1880 నుంచి వెలువడిన తన పట్టికలో ఆయన వాద్యాలను నాలుగు తరగతులుగా విభజించాడు. ధ్వని పుట్టే మూలాన్ని బట్టి చేసిన ఆ విభజన నాట్యశాస్త్రం చెప్పిన తత, అవనద్ధ, ఘన, సుషిర విభాగాలకు సమాంతరంగా ఉంది. ఠాగూర్ రచనలే దీనికి దారిచూపాయని పరిశోధకులు భావిస్తారు. 1914లో హార్న్‌బోస్టెల్, జాక్స్ ఈ నాలుగు తరగతుల మీదే తమ అంకెల వర్గీకరణను నిర్మించారు. నేటికీ ప్రపంచ మ్యూజియాలు ఎక్కువగా అనుసరిస్తున్నది దానినే.

భారతీయ శాస్త్రచింతన ప్రపంచ ప్రమాణమైందని ఇక్కడ సంతోషించడానికి కారణముంది. కానీ విమర్శకుడు ఆగి చూడవలసిన చోటు కూడా ఇదే. నాట్యశాస్త్రంలో ఆ విభజన ప్రయోగం కోసం ఏర్పడింది. రంగస్థలం మీద ఏ వాద్యం ఎప్పుడు, దేనితో కలిసి మోగాలన్న ఆలోచనలో అది భాగం. మ్యూజియంలో అదే విభజన అరల అమరికకు సాధనమైంది. తరగతి మిగిలింది, ప్రయోగం జారిపోయింది. పైగా అంకెల వర్గీకరణ ఆకారాన్ని మాత్రమే చూస్తుంది. సరస్వతీ వీణ లూట్ల తరగతిలో చేరగా, రుద్రవీణ జిథర్ల తరగతిలో చేరుతుంది. ఆకారరీత్యా అది సమంజసమే. సంప్రదాయం రెంటినీ ఒకే పేరుతో ఎందుకు పిలిచిందన్న ప్రశ్నకు మాత్రం ఆ అంకెల్లో చోటు లేదు.

కానుకకు మరొక పరిమితి ఉంది. కానుక ఇచ్చేవాడి పేరు నమోదవుతుంది, చేసినవాడి పేరు నమోదు కాదు. ఠాగూర్ యూరప్, అమెరికా సంస్థలకు పంపిన వాద్యాలు ఆయన పేరుతోనే ప్రసిద్ధమయ్యాయి. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం చరిత్రలోనూ ఇదే ధోరణి కనిపిస్తుంది. మేరీ ఎలిజబెత్ ఆడమ్స్ బ్రౌన్ 1889లో సుమారు 270 వాద్యాలతో ప్రారంభించిన దానం, 1918లో ఆమె మరణించేనాటికి 3,600 దాటింది. దేశదేశాల్లో ఉన్న మిషనరీలకు, దౌత్యవేత్తలకు, వ్యాపారులకు ఉత్తరాలు రాసి ఆమె వాద్యాలను తెప్పించుకుంది. ఇంటి నుంచి కదలకుండానే ప్రపంచాన్ని సేకరించిన ఆ పట్టుదల అసాధారణం. అయితే మధ్యవర్తి ద్వారా వచ్చిన వాద్యానికి కొన్నచోటు తెలిసినంత తేలికగా చేసినచోటు తెలియదు. రేవుపట్టణమో, రాజధానో దాని చిరునామాగా మారుతుంది. నూజివీడు వంటి లోపలి ఊళ్ళు వాద్యాల పటం నుంచి తప్పిపోవడానికి ఇది ముఖ్యకారణం.

4. మద్రాసు: రాతికి ఊరు, కొయ్యకు రకం

దూరదేశపు మ్యూజియానికి లోపలి ఊరు తెలియకపోవడాన్ని అర్థం చేసుకోవచ్చు. సొంత రాష్ట్రపు మ్యూజియం సంగతి వేరు. 1953లో ఆంధ్రరాష్ట్రం ఏర్పడేవరకు కృష్ణా జిల్లా మద్రాసు రాజ్యంలో భాగం. నూజివీడుకు నాటి రాష్ట్ర మ్యూజియం అంటే 1851లో ఏర్పడిన మద్రాసు ప్రభుత్వ మ్యూజియమే.

అంతకుముందు దక్షిణాది వాద్యాలను వివరంగా పరిచయం చేసిన గ్రంథం సైనికాధికారి సి.ఆర్. డే 1891లో లండన్‌లో ప్రచురించినది. వాద్యాలను రంగుల చిత్రాలతో, శ్రుతి వివరాలతో ముద్రించిన ఆ పుస్తకం ఒక కాగితపు మ్యూజియం వంటిది. 1931లో పి. సాంబమూర్తి మద్రాసు మ్యూజియంలో ప్రదర్శితమైన వాద్యాలకు పట్టిక రూపొందించారు. ఈ పట్టికకు చారిత్రక ప్రాముఖ్యం ఉంది. ఒక సంగీతశాస్త్రజ్ఞుడు మ్యూజియంలోకి అడుగుపెట్టి, వింత వస్తువుల వరుసలో ఉన్నవాటిని వాద్యాలుగా చదివాడు. వాద్యం పేరు, భాగాల పేర్లు, వాదన సంప్రదాయం సంగీత పరిభాషలో నమోదు కావడం అక్కడ జరిగింది.

అయినా పట్టిక అనే ప్రక్రియకు ఆధారం వాద్యరకమే. వీణ అంటే ఇది, తంబుర అంటే ఇది అని ఒక్కొక్క రకానికి ఒక్కొక్క ప్రతినిధిని నిలపడం దాని స్వభావం. ప్రతినిధిగా ఒక వీణ ఉంటే చాలు; అదెక్కడిదన్న ప్రశ్న పుట్టదు.

ఇదే మ్యూజియంలో అమరావతి శిల్పాలు ఉన్నాయి. 1942లో సి. శివరామమూర్తి వాటిపై వెలువరించిన గ్రంథం శిల్పాల్లోని వేషభాషలతోపాటు వాద్యాలనూ చర్చించింది. ఆ పాలరాళ్ళ మీద కనిపించే వీణ నేటి వీణ కాదు. విల్లులా వంగి, మెట్లు లేకుండా, ఒక్కొక్క స్వరానికి ఒక్కొక్క తంత్రితో ఒడిలో ఒదిగి ఉండే వాద్యం అది. ఈ రాళ్ళకు ఊరు ఉంది, స్తూపం ఉంది, కాలం ఉంది. ఏ పలక ప్రాకారంలో ఏ చోట ఉండేదన్నదానిపై పండితులు వాదోపవాదాలు చేశారు. కృష్ణాతీరంలో రాతిలో చెక్కిన వీణకు ఇంత చిరునామా దక్కగా, అదే తీరంలో కొయ్యలో చెక్కిన వీణకు రకం పేరొక్కటే దక్కింది. పురావస్తుశాస్త్రం దొరికినచోటును ప్రాణంగా భావిస్తుంది. వాద్య సేకరణ ఆ క్రమశిక్షణను తనకు వర్తింపజేసుకోలేదు.

రకం పేరు సరిపోతుందన్న నమ్మకం చారిత్రకంగా కూడా నిలవదు. ‘వీణ’ అన్న మాట అమరావతిలో ఒక వాద్యాన్ని, నేడు మరొక వాద్యాన్ని సూచిస్తోంది. 1550 నాటి స్వరమేళకళానిధిలో రామామాత్యుడు శుద్ధమేళ వీణ, మధ్యమమేళ వీణ, అచ్యుతరాజేంద్రమేళ వీణ అని వీణలను వేరుచేశాడు. ఆయన భేదానికి ఆధారం తంత్రుల శ్రుతి. అన్ని రాగాలకూ సరిపడేలా మెట్లు అమర్చడాన్నీ, ఒక్కొక్క రాగానికి మెట్లను మార్చుకోవడాన్నీ ఆయన వేరుగా గుర్తించాడు. 24 స్థిరమైన మెట్లతో నేటి రూపం తంజావూరు రఘునాథనాయకుని కాలంలో ఏర్పడిందని సంప్రదాయం చెబుతుంది. అంటే తెలుగు పండితుడు వీణను గుర్తించిన లక్షణం మేళమే. మ్యూజియం అరలో మొదట పోయేదీ అదే.

5. సముదాయాల వద్దకు వెళ్ళిన సేకరణ

కానుక, పట్టిక అనే రెండు మార్గాలకు భిన్నమైన మూడవ మార్గం తెలుగునాట కనిపిస్తుంది. ఆచార్య జయధీర్ తిరుమలరావు దశాబ్దాలపాటు గ్రామాల్లో, గూడేల్లో తిరిగి జానపద, గిరిజన కళాఖండాలను, వాద్యాలను సేకరించారు. ఆచార్య గూడూరు మనోజ ఆ కృషిలో భాగస్వామి. ‘ఆద్యకళ’ పేరుతో ప్రసిద్ధమైన ఈ సేకరణ రాజుల కానుకగా రాలేదు, ఉత్తరాల ద్వారా రాలేదు. వాద్యం ఏ సముదాయానిదో, ఏ కథకు, ఏ కొలుపుకు మోగుతుందో ఆ సముదాయం నోట వినే అవకాశం ఇలాంటి సేకరణకే ఉంటుంది. శాస్త్రీయ వాద్యాలనే కళగా, మిగిలినవాటిని మానవశాస్త్ర సామగ్రిగా చూసిన పాత విభజనను కూడా అది ప్రశ్నించింది.

డక్కలివారి కిన్నెర ఇందుకు తగిన ఉదాహరణ. వెదురు దండి, ఎండిన బుర్రలు, మైనంతో నిలిపిన మెట్లు దాని నిర్మాణం. పన్నెండు మెట్ల కిన్నెర కళాకారుడు దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ లభించింది. అదే సంవత్సరం కోయ డోలు కళాకారుడు సకిని రామచంద్రయ్యకూ ఆ గౌరవం దక్కింది. కిన్నెర మెట్లనూ వీణ మెట్లనూ నిలిపేది మైనమే. రెండింటిలోనూ స్వరాన్ని నిర్ణయించేది చెవే. ఒకటి ఆస్థానానికి, మరొకటి సంచార జీవనానికి చెందినా, తయారీ జ్ఞానం దృష్ట్యా ఈ రెండూ బంధువులు. రకాల వారీ పట్టికలో దూరదూరంగా కూర్చునే ఈ వాద్యాలు తయారీ వారీ పరిశీలనలో పక్కపక్కన చేరతాయి.

అయితే ఈ మార్గానికీ ఒక ప్రమాదం ఉంది. వాద్యం అంతరిస్తోందన్న ఆందోళనతో మొదలైన సేకరణ చివరి నమూనాను భద్రపరచడంతో తృప్తిపడే అవకాశం ఉంది. కళాకారుడికి పురస్కారం, వాద్యానికి అర దొరికిన తరువాత, తరువాతి వాద్యాన్ని ఎవరు చేస్తారన్న ప్రశ్న మిగిలిపోతుంది. నూజివీడు ఎదుర్కొంటున్న ప్రశ్న కూడా ఇదే. వీణ నేర్చుకునేవారు తగ్గితే వీణ చేసేవారు తగ్గుతారు. చేసేవారు తగ్గితే మేళం కట్టే చెవి అరుదవుతుంది. ఆ చెవి పోయిన తరువాత ఎన్ని వీణలు భద్రపరచినా వాటిని పలికించగలవారు ఉండరు.

6. అభ్యంతరాలు, సమాధానాలు

ఈ వాదానికి రెండు బలమైన అభ్యంతరాలు ఉన్నాయి. మొదటిది సంరక్షకులది. పాత వీణకు మళ్ళీ మేళం కడితే పాత మైనాన్ని తొలగించాలి, తంత్రులను బిగిస్తే కొయ్య మీద ఒత్తిడి పడుతుంది. దానివల్ల చారిత్రక సాక్ష్యం నశిస్తుందని వారు అంటారు. ఇది కాదనలేని మాట. పాత మైనం కూడా ఒక సాక్ష్యమే. కాబట్టి చేయవలసింది పాతదాన్ని పలికించడం కాదు, దానికి జోడుగా నేటి వీణను చేయించడం. చేయించే క్రమాన్ని దుంగ ఎంపిక నుంచి మేళం వరకు దృశ్య, శబ్ద రూపాల్లో నమోదు చేయాలి. 2000లో కొత్త భవనంలోకి మారిన బ్రస్సెల్స్ మ్యూజియం సందర్శకులకు హెడ్‌ఫోన్ల ద్వారా వాద్యధ్వనిని వినిపిస్తోంది. ధ్వని లేని వాద్యం అసంపూర్ణమని ఆ మ్యూజియం అంగీకరించినట్లే. కానీ వాదన ధ్వనితోపాటు తయారీ ధ్వని, అంటే మెట్టు కుదిరేవరకు మీటిన తంత్రి ధ్వని కూడా వినిపించినప్పుడే ఆ అంగీకారం పూర్తవుతుంది.

రెండవ అభ్యంతరం సంగీతజ్ఞులది. బొబ్బిలి, తంజావూరు, నూజివీడు వీణలన్నీ ఒకే సరస్వతీ వీణ కదా, ఊరిపేరుకు ఇంత పట్టుదల ఎందుకని వారు అడగవచ్చు. బొబ్బిలి, తంజావూరు వీణలు భౌగోళిక సూచిక గుర్తింపు పొందినా, అది మార్కెట్టుకు సంబంధించిన విషయమని అనవచ్చు. కానీ వ్రాతప్రతుల పరిశోధకులకు ఈ వాదం బలహీనమని వెంటనే తెలుస్తుంది. ఒకే కావ్యానికి పది ప్రతులున్నప్పుడు వాటిని ఒకటిగా లెక్కించరు. లేఖకుడు, ఊరు, కాలం, పాఠభేదం అన్నీ నమోదు చేస్తారు; ఆ భేదాల నుంచే గ్రంథచరిత్ర తయారవుతుంది. వీణ కూడా ఒక పాఠం వంటిదే. కుండ మందం, దండి పొడవు, నగిషీ తీరు, మైనం పాకం పాఠభేదాలు. వాటిని ఊరుతో కలిపి నమోదు చేయకపోతే వీణకు చరిత్ర ఉండదు, లక్షణం మాత్రమే ఉంటుంది.

7. నూజివీడు కొలమానం

పై పరిశీలన ఆధారంగా వాద్య సేకరణను అంచనా వేయడానికి ఐదు ప్రశ్నలను ప్రతిపాదించవచ్చు. వాద్యం ఏ ఊరిలో, ఎవరి చేతిలో తయారైంది? కొయ్య, బుర్ర, లోహం, మైనం ఎక్కడివి? మేళం ఎవరు కట్టారు, ఏ శ్రుతికి కట్టారు? మ్యూజియంలో చేరేముందు దాన్ని ఎవరు, ఏ సందర్భంలో వాయించారు? అలాంటి వాద్యాన్ని నేడు తయారు చేయగలవారు ఉన్నారా?

మొదటి నాలుగు ప్రశ్నలకు జవాబులు నమోదు పుస్తకంలో ఉండాలి. చివరి ప్రశ్నకు జవాబు ఏటేటా మారుతుంది కాబట్టి దాన్ని మళ్ళీమళ్ళీ అడగాలి. దీనికి ప్రత్యేక భవనాలు, పెద్ద నిధులు తప్పనిసరి కావు. కళాశాలల తెలుగు, చరిత్ర, సంగీత శాఖలు కలిసి ఒక ఊరి తయారీదారుల పరిభాషను సేకరించినా అది సేకరణ పెరుగుదలే అవుతుంది. పనిముట్ల పేర్లు, కొయ్య పదును గుర్తించే మాటలు, మైనం పాకాన్ని చెప్పే మాటలు నిఘంటువులకు పూర్తిగా ఎక్కినవి కావు. అద్దాల అరలో అక్కరలేకుండానే భద్రపరచదగిన సంపద అది. సగం తొలిచిన కుండ, విరిగిన బిరడా, వాడి పక్కన పెట్టిన ఉలి కూడా పూర్తయిన వీణతో సమానంగా ప్రదర్శనకు అర్హమైనవే.

8. ముగింపు

వాద్య సేకరణలు కానుకలతో మొదలై, పట్టికలతో స్థిరపడి, క్షేత్రపర్యటనలతో విస్తరించాయి. ప్రతి దశ ముందు దశ లోపాన్ని కొంత సరిదిద్దింది. కానుక వస్తువును తెచ్చింది, పట్టిక పేరును ఇచ్చింది, క్షేత్రపర్యటన సముదాయాన్ని చేర్చింది. తయారీదారుడు మాత్రం ఈ మూడు దశల్లోనూ గడప బయటే ఎక్కువగా నిలబడ్డాడు. అతడు లోపలికి వచ్చిననాడే వీణతోపాటు దాని మేళం కూడా మ్యూజియంలోకి వస్తుంది. నూజివీడులో పనసదుంగను తొలిచే ఉలిచప్పుడు వినిపిస్తున్న కాలంలోనే ఆ పని జరగాలి. మేళం తప్పిన వీణకు మళ్ళీ మేళం కట్టవచ్చు. మేళం కట్టడం తెలిసినవారు లేని ఊరికి ఆ విద్యను ఏ మ్యూజియమూ తిరిగి ఇవ్వలేదు.